గ్లాసులో ఇరవై చీటీలు: స్నేహితులతో కథల ఆట ఇలా మొదలుపెట్టండి

శ్రీకాకుళంలో మా మేడ మీద ప్రతి రెండో శనివారం రాత్రి ఐదుగురం కూర్చుంటాం. ఒకడికి మందుల షాపు. ఒకామె లెక్కల టీచరు. ఒకడు విశాఖలో రైలెక్కి ఆమదాలవలసలో దిగుతాడు. ఇంకొకడిది ఉద్దానం. కథ నడిపేది నేను. 2019 సంక్రాంతి సెలవుల్లో మొదలైన కథే ఇప్పటికీ నడుస్తోంది. మా స్నేహం ఇన్నాళ్లు ఇంత దగ్గరగా ఉండడానికి ఆ ఆటే కారణమని నేను గట్టిగా నమ్ముతాను.

ఆట ఏమిటంటే, ఒకరు కథ చెబుతారు, మిగతావాళ్లు ఆ కథలో మనుషులవుతారు. "ఇప్పుడు నువ్వేం చేస్తావు?" అని అడగడమే కథ నడిపేవాళ్ల ముఖ్యమైన పని. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అమెరికాలో తెచ్చిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ ఆటలు పేరుకెక్కాయి. దాని ప్రాథమిక నియమాలు నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. మొదటి రాత్రికి అవి కూడా అక్కర్లేదు.

పాత్ర తలపెట్టిన పని అవుతుందో లేదో తేల్చడానికి ఆ ఆటలో ఇరవై ముఖాల పాచిక వేస్తారు. మాకు అప్పట్లో దొరకలేదు. 1 నుంచి 20 వరకు చీటీలు రాసి స్టీలు గ్లాసులో వేశాం. తీసిన చీటీని మళ్లీ గ్లాసులో వేసి కలపాలి, లేకపోతే ఒకసారి వచ్చిన అంకె తర్వాత తీసేవాళ్లకు రాదని మా టీచరు మొదటిరోజే చెప్పింది. తర్వాత పాచికలు కొన్నాం కానీ, గ్లాసు కదుపుతుంటే అందరూ ముందుకు వంగి చూస్తారు చూడండి, అది వదులుకోలేక చీటీలతోనే ఆడుతున్నాం.

సులువైన పనికి కనీసం 10, మామూలు కష్టానికి 15, చాలా కష్టానికి 20 రావాలి. పాత్రకు ఆ పనిలో నేర్పు ఉంటే 2 లేదా 3 కలపండి. ప్రతిదానికీ చీటీ తీయించకండి. పగటిపూట శాలిహుండం కొండ ఎక్కడానికి చీటీ ఎందుకు? వరదలో ఉన్న వంశధారను రాత్రి పడవలో దాటాలంటే తీయించండి. అంకె తక్కువొస్తే కథ ఆపేయకండి. ఒడ్డుకు చేరారు గానీ బియ్యం మూట కొట్టుకుపోయిందనండి. అప్పుడు వాళ్లు అన్నం కోసం ఏ ఊళ్లోకో వెళ్తారు, కొత్త కథ దానంతటదే పుడుతుంది.

కోటలు, డ్రాగన్లు ఉండి తీరాలని లేదు. మేం కళింగపట్నం రేవు దగ్గర మొదలుపెట్టాం. తెలిసిన చోటైతే ఎవరూ మాటలు వెతుక్కోరు.

అందరికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ కథలో ఏది రాకూడదు? నేను అడగలేదు. మొదటి రాత్రే సముద్రం మీద గాలివాన తెచ్చాను. అప్పటికి తిత్లీ తుఫాను వచ్చి మూడు నెలలే అయింది. మా ఉద్దానం వాడి కొబ్బరితోట అందులో నేలకొరిగింది. వాడు చీటీ తీయకుండా గ్లాసు పక్కన పెట్టి, "తుఫాను మాట ఒగ్గీరా" అన్నాడు. వెంటనే ఆపి, గాలివాన రాలేదని కథ వెనక్కి తిప్పాను. మీరూ అలాగే చేయండి, మొహమాటపడకండి. అప్పటినుంచి కొత్తవాళ్లెవరొచ్చినా కూర్చోగానే ఆ ప్రశ్న అడుగుతాను.

మిగతావి చిన్న విషయాలు. నలుగురైదుగురు చాలు. మూడు గంటలు మించకండి. బజ్జీలు వద్దు, కాగితాలన్నీ నూనె మరకలవుతాయి. ఉడకబెట్టిన వేరుశనగకాయలు మేలు. చివర్లో ఎవరో ఒకరు జరిగింది నాలుగు ముక్కల్లో నోట్సులో రాయాలి. మావి ఇప్పటికి మూడు నోట్సులయ్యాయి. రైలు ఆలస్యమైనప్పుడు పాత పేజీలు చదువుకుంటూ కూర్చుంటాం.

ఆ పేజీల్లోనే ఉంది: మా ఉద్దానం వాడి పాత్ర రెండో నెలలో రేవు పక్కన నలభై కొబ్బరి మొక్కలు నాటింది. ఎవరూ అడగలేదు, వాడే నాటాడు. కథలో ఏళ్లు గడిచాయి. మొన్న దసరాకి ఆడినప్పుడు, చెట్లు కాపుకొచ్చాయని చెప్పాను.

"ఎన్ని గెలలేసాయిరా?" అన్నాడు.

నిజానికి దానికి చీటీ అక్కర్లేదు. అయినా గ్లాసు వాడి ముందుకు జరిపాను. పంతొమ్మిది వచ్చింది.