నెమ్మది షట్టర్‌తో బజారు బతుకును తీసే పద్ధతి

1838లో, ఫొటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకడైన లూయీ డాగేర్ పారిస్‌లోని ఒక రద్దీ వీధిని కిటికీలోంచి ఫొటో తీసినప్పుడు, బొమ్మ పడే ప్లేటుకు కొన్ని నిమిషాల పాటు వెలుతురు తగలవలసి వచ్చినందున బండ్లూ పాదచారులూ దానిమీద పడనే లేదు. ఒకచోట నిలబడి బూట్లు పాలిష్ చేయించుకుంటున్న మనిషి మాత్రం నిలిచాడు. రద్దీలో కదలకుండా పనిచేసుకునే వారిని చూపడానికి ఇలా షట్టర్‌ను, అంటే కెమెరాలోకి వెలుతురు వచ్చే తలుపును, ఎక్కువసేపు తెరిచి ఉంచే పద్ధతి ఇప్పటికీ చక్కగా పనికొస్తుంది.

దీపాలు పెట్టే వేళకు నెల్లూరు చిన్నబజారుకు వెళ్లి, దారికి అడ్డం కాని చోట ట్రైపాడ్ (కెమెరాను నిలిపే మూడుకాళ్ల స్టాండు) నిలపండి. ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 100, అపెర్చర్ (లెన్స్ రంధ్రం కొలత) ఎఫ్/16, షట్టర్ 2 సెకన్లతో మొదలుపెట్టి, వెలుతురును బట్టి సరిచేసుకోండి. చేతి అదురు తగలకుండా కాసేపటికి తానే ఫొటో తీసే కెమెరా టైమర్ వాడండి. షట్టర్ అర సెకను తెరిచి ఉంటే నడిచేవాళ్లు చెరిగిన మరకల్లా కనిపిస్తారు. నాలుగు సెకన్లకు చాలామంది దాదాపు మాయమవుతారు. పూలు కట్టే ఆమెను తీస్తే అర సెకనే మేలు: అరటినార చుట్టే వేళ్లు చెదిరి కదలిక తెలుస్తుంది, ఆమె కాస్త నిలకడగా ఉంటే ముఖమూ, ఒళ్లోని మల్లెల బుట్టా స్పష్టంగా వస్తాయి.

కెమెరా తీయకముందే, బేరం లేని సమయం చూసి, "అక్కా, మీరు పూలు కట్టేటప్పుడు ఒక ఫొటో తీసుకోవచ్చా?" అని అడగండి. 1890లలో లండన్‌లో పాల్ మార్టిన్ మరుగు కెమెరాతో జనాన్ని తీశాడు. ఆ ఫొటోల సహజత్వం గొప్పదే అయినా, మన బజారులో మనవాళ్లను దొంగచాటుగా తీయడం నాకు సమ్మతం కాదు. అడిగి తీస్తే సహజత్వం పోతుందన్న భయమూ అక్కర్లేదు: 1851 ప్రాంతంలో షార్ల్ నేగ్ర్ తీసిన పొగగొట్టాలు శుభ్రం చేసేవాళ్లు నడుస్తున్నట్టే కనిపిస్తారు గానీ, నిజానికి ఫొటో కోసం ఆగి నిలబడినవారే.

ముఖానికే దగ్గరగా వెళ్లకండి. పారిస్ వీధి వృత్తులను తీసిన యూజీన్ అట్జే మనిషిని సరుకుతో, పనిముట్లతో సహా చూపాడు. పీట, బుట్ట, వెనకనున్న కొట్టు బోర్డు, మూర వేసి కొలిచే చెయ్యి ఫ్రేములో ఉండాలి.

1877–78లో జాన్ థామ్సన్ లండన్ వీధి ఫొటోలకు అడాల్ఫ్ స్మిత్‌తో కలిసి ఆ మనుషుల వివరాలనూ జతచేశాడు. మీరూ ఆ రాత్రే వీధి, వృత్తి, తేదీ, ఆనాటి మూర పూల ధర రాసిపెట్టి, ఒక ప్రింటు ఆమెకు అందజేయండి.