ఎండాకాలంల బంకమట్టికి కన్సాలిడేషన్ టెస్ట్ ఎట్ల చెయ్యాలె?

బంకమట్టి మీద బరువు పడంగనే కుంగదు. రేణువుల నడుమ ఇరుక్కున్న నీళ్లు మెల్లమెల్లగ బయటికి పోతుంటే కుంగుతది, దీన్నే కన్సాలిడేషన్ అంటరు. నీళ్లు వేడెక్కితే పలచబడి తొందరగ జారిపోతయి. నీళ్ల చిక్కదనం 15 డిగ్రీల దగ్గర 1.14 ఉంటే 40 దగ్గర 0.65 (మిల్లీపాస్కల్ సెకన్లల్ల). అంటే వరంగల్ల డిసెంబర్ పొద్దుగాల చేసిన టెస్ట్‌కు, మే మధ్యాహ్నం రేకుల షెడ్డుల చేసినదానికి, మట్టి అదే అయినా కుంగే వేగం 1.7 రెట్ల దాకా మారొచ్చు. చెరువు శిఖం పక్కన ఇల్లో గోదామో కట్టేటోళ్లకు ఇది చిన్న తేడా కాదు.

ముందుగాల గది చూసుకోండి. పర్మియబిలిటీ (మట్టిలకెల్లి నీళ్లు ఎంత సులువుగ పోతయో చెప్పేది) లెక్కలను మనకాడ 27 డిగ్రీలకే మారుస్తరు కాబట్టి ఏసీ కూడా 27 మీదనే పెట్టి, కిటికీల నుంచి ఎండ మెషిన్ మీద పడకుండ చూడాలె. ఇనుప ఫ్రేమ్ కూడా వేడికి సాగుతది, మీటరు పొడుగు ఇనుము 10 డిగ్రీలు పెరిగితే 0.12 మిల్లీమీటర్లు సాగుతది, మట్టి ఎంత కుంగిందో చూపే డయల్ గేజ్‌ల అదంత మట్టి కదిలినట్టే కనిపిస్తది.

తర్వాత 60 మిల్లీమీటర్ల రింగుల 20 మిల్లీమీటర్ల మందం శాంపిల్ పెట్టి, కింద మీద తడిపిన పోరస్ స్టోన్లు (నీళ్లు పోయే సన్నరంధ్రాల రాళ్లు) పెట్టి నీళ్లు పోయాలె. ఈ నీళ్లు ముందురోజే బకెట్ల పట్టి అదే గదిల ఉంచండి, మిద్దె మీది ట్యాంకు నీళ్లు మే నెలల కాగినట్టే ఉంటయి. నల్లరేగడి అయితే నీళ్లు తగలంగనే ఉబ్బి డయల్ ముల్లు వెనక్కి తిరుగుతది, గప్పుడు చిన్నచిన్న బరువులు వేసుకుంట ముల్లును అక్కడనే ఆపాలె.

ఇగ లోడ్ ప్రతిసారి డబుల్ చేసుకుంట, ఒక్కో లోడ్ 24 గంటలు ఉంచుకుంట రీడింగులు తీయాలె. మొదటి నిమిషాల రీడింగులే ముఖ్యం, పావు నిమిషం, 1, 2.25, 4 అట్ల. ప్రతి రీడింగ్ పక్కన గది టెంపరేచర్ కాదు, శాంపిల్ పెట్టిన సెల్‌ల ఉన్న నీళ్ల టెంపరేచర్ రాయాలె.

టెస్ట్ నడుమల కరెంట్ పోయి ఏసీ ఆగిందనుకోండి, టైమ్ రాసిపెట్టుకొని ఆ లోడ్‌కు వచ్చిన సీవీని (మట్టి ఎంత వేగంగ కుంగుతదో చెప్పే అంకె) పక్కన పెట్టండి. నీళ్లు రేణువుల కన్నా ఎక్కువ వ్యాకోచించి మట్టిల పీడనం పెరుగుతది, ఆ నీళ్లు బయటికి పోయినంక మెత్తటి బంకమట్టి ఇంకింత కుంగుతది, మళ్ల చల్లబడ్డా ఆ కుంగుడు పూర్తిగ వెనక్కి రాదు.

ఏసీ లేకనే 40 దగ్గర టెస్ట్ చేయాల్సొస్తే, వచ్చిన సీవీని 0.76తోని గుణిస్తే 27 డిగ్రీల విలువ దగ్గరదగ్గర వస్తది (40 దగ్గరి చిక్కదనం 0.65ని 27 దగ్గరి 0.85తోని భాగిస్తే వచ్చేది అదే). కానీ ప్రీకన్సాలిడేషన్ ప్రెషర్ (మట్టి ఇంతకు ముందు మోసిన అన్నిటికన్నా పెద్ద ఒత్తిడి) కూడా వేడికి తగ్గుతది, దాన్ని ఈ లెక్క సరిచేయలేదు. అందుకే రిపోర్ట్ చేతికి రాంగనే సీవీ పక్కన టెంపరేచర్ ఉందా చూడండి, లేకుంటే ల్యాబోళ్లను అడిగి రాయించుకోండి.