పొట్టి కార్లలో గట్టిది ఏది? వాదన తెగ్గొట్టడం ఎలా?

వేగంగా పరుగెత్తే చిన్న కార్లలో ఫోక్స్‌వాగన్ పోలో జీటీ మేలా, హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ మేలా అన్న వాదన భీమవరంలో టీ తాగుతూ మొదలైతే పాలకొల్లు దాటి నరసాపురం చేరినా తెగదు. ఒకాయన ఇంజిను గురించి చెబుతాడు, ఇంకొకాయన స్టీరింగు గురించి, మూడో ఆయన పాత కారుగా అమ్మితే వచ్చే ధర గురించి. ముగ్గురి మాటా నిజమే. కాకపోతే ముగ్గురూ మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు చెబుతున్నారు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి బావమరుదులు కార్లేసుకుని దిగారంటే మరీ కష్టం. ఔటర్ రింగు రోడ్డు మీద పుట్టిన అభిప్రాయాలను తెచ్చి కాలువ గట్టు మీద నిలబెట్టాలని చూస్తారు.

వాదన తేలాలంటే ఒక పద్ధతి ఉండాలి. దానికి కావలసినవి రెండు మూడు కార్లు, వాటి యజమానుల అనుమతి, ఒక ఫోను, ఒక ఉదయం, పాతిక కిలోల బియ్యం బస్తా. బస్తా ఎందుకో తర్వాత చెబుతాను.

1. జత కట్టండి

కోడిపందెంలో కూడా ఎత్తూ బరువూ చూసి, జత కుదిరాకే బరిలోకి దించుతారు. కార్ల వాదనలో ఆ పాటి జాగ్రత్త కూడా ఎవరూ తీసుకోరు. అందుకే ముందు కార్లను మూడు వరసలుగా విడదీయండి. షోరూములో కొత్తగా కొనుక్కోగల నాలుగు మీటర్ల లోపు కార్లు ఒక వరస. తయారీ ఆగిపోయి, చేతులు మారుతూ తిరుగుతున్నవి రెండో వరస. విదేశాల నుంచి దిగుమతి అయ్యేవి మూడో వరస. ఏ వరస గురించి మాట్లాడుతున్నారో తేల్చుకున్నాకే నోరు తెరవాలన్నది మొదటి నియమం.

మూడో వరసతో పెద్దగా పని లేదు. 2025లో మన మార్కెట్లోకి వచ్చిన గోల్ఫ్ జీటీఐ శక్తి 265 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత), నిలిచిన చోటు నుంచి 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 5.9 సెకన్లు, ధర యాభై లక్షల పైమాట. దాని పేరెత్తిన వారికి ఇంకో టీ ఇప్పించి పక్కన కూర్చోబెట్టండి.

మొదటి రెండు వరసల్లో ఇంజిన్లన్నీ దాదాపు ఒకే సైజులో ఎందుకుంటాయో తెలిస్తే సగం వాదన అక్కడే సద్దుమణుగుతుంది. 2006 కేంద్ర బడ్జెట్‌లో చిన్న కార్లకు ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. పొడవు 4 మీటర్లు మించకూడదు, పెట్రోలు ఇంజిను 1,200 సీసీ, డీజిల్ అయితే 1,500 సీసీ దాటకూడదన్నవి షరతులు. పన్నుల పేర్లు మారినా ఆ గీత చెరగలేదు. 2025 సెప్టెంబరు నుంచి గీతకు లోపలున్న పెట్రోలు కారుకు జీఎస్టీ 18 శాతం, బయట ఉంటే 40 శాతం. కాబట్టి మన కంపెనీలు వేగం కావాలనుకుంటే ఇంజినును పెంచవు, చిన్న ఇంజినుకే టర్బో (ఇంజినులోకి ఎక్కువ గాలి నెట్టే పరికరం) తగిలిస్తాయి. 2015లో 1.4 లీటర్ల ఇంజినుతో అబార్త్ పుంటోను తెచ్చిన ఫియట్ మాత్రం ఆ గీతను ఖాతరు చేయలేదు. దాని అభిమానులు ఇప్పటికీ అంత మంకుగా ఉండటానికి సగం కారణం అదే కావచ్చు.

ఎస్‌యూవీ పోలిక ఉన్న మారుతి ఫ్రాంక్స్‌ను ఈ వరసల్లో కలపాలా వద్దా అని ఎవరైనా అడుగుతారు. వద్దనండి. దానికదే వేరే వాదన, ఇంకో పూట పడుతుంది.

2. కాగితం మీది అంకెల్లో పనికొచ్చేదాన్ని ఏరండి

అందరూ చెప్పే అంకె పీఎస్. దాన్ని కారు బరువుతో భాగిస్తే తప్ప అర్థం లేదు. 2017లో వచ్చిన మారుతి బలెనో ఆర్‌ఎస్ శక్తి 102 పీఎస్, బరువు 950 కిలోలు, అంటే టన్నుకు 107. ఈ జాతి కార్లన్నిటికీ పెద్దన్న లాంటి మొదటి గోల్ఫ్ జీటీఐ 1976లో అమ్మకానికి వచ్చినప్పుడు దాని శక్తి 110 పీఎస్, బరువు దాదాపు 810 కిలోలు, అంటే టన్నుకు దాదాపు 136. యాభై ఏళ్ల నాటి కారే ముందుంది! ఎయిర్‌బ్యాగులు, ఏసీ, గుద్దుకుంటే తట్టుకునే బాడీ వచ్చాక కార్లు బరువెక్కాయి. వాటిలో వద్దనదగ్గది ఏదీ లేదు, బరువు మాత్రం నిజం.

మన ప్రాంతానికి ఇంతకంటే పనికొచ్చే అంకె ఇంకొకటి ఉంది. సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లు అన్నది మనకు అక్కరలేని లెక్క. కేంద్రం 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం నాలుగు వరుసల రహదారి మీద కారుకు గరిష్ఠ వేగం 100, మామూలు రోడ్డు మీద 70. కోనసీమలో ఊరికీ ఊరికీ మధ్య దూరం ఎంతని! బడి దగ్గర ఒకటి, గుడి దగ్గర ఒకటి, పంచాయతీ ఆఫీసు దగ్గర ఒకటి, ఎవరింటి ముందో ఎవరికీ చెప్పకుండా పోసిన సిమెంటు దిబ్బ ఒకటి. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా పది, పదిహేనుకు తగ్గి మళ్లీ అందుకోవాలి. డెల్టాలో వేగమైన కారంటే ఒక బ్రేకరు దిగి రెండో బ్రేకరు వచ్చేలోగా చటుక్కున అందుకునేదే. అందుకే 30 నుంచి 70కి ఎంతసేపు అన్నదే నా లెక్క.

దానికి బ్రోచర్‌లో ‘టార్క్’ (చక్రాలను తిప్పే బలం) అన్న గడి చూడాలి. అంకె ఎంతో చూసి వదిలేయకండి, ఎన్ని ఆర్‌పీఎం (ఇంజిను నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర మొదలవుతుందో చూడండి. ఐ20 ఎన్ లైన్‌కు 172 న్యూటన్ మీటర్ల టార్క్ 1,500 ఆర్‌పీఎం దగ్గరే చేతికొస్తుంది. 2020లో వచ్చిన ఒక లీటరు పోలో టీఎస్‌ఐకి 175, 1,750 నుంచి. 2024 నాటి టాటా ఆల్ట్రోజ్ రేసర్‌కు 170, అదీ 1,750 నుంచే. బలెనో ఆర్‌ఎస్‌కు 150, 1,700 నుంచి. అబార్త్ పుంటోకు 212 ఉంది గానీ 2,000 దాటే దాకా ఆగాలి. టర్బో లేని కొత్త స్విఫ్ట్‌కు దాదాపు 112, అది కూడా 4,300 దగ్గర. ఆ కారును పరుగెత్తించాలంటే గేర్లు మారుస్తూ ఇంజినును అరిపించాలి. బరువు తక్కువ కాబట్టి సరదాగానే ఉంటుంది, కానీ ప్రతి బ్రేకరు దగ్గరా అదే సరదా అంటే చేయి నొప్పి పుడుతుంది.

ఇక్కడ డీజిల్ అభిమాని గొంతు సవరించుకుంటాడు. ఆయన మాట వినాలి. పోలో జీటీ టీడీఐకి 250 న్యూటన్ మీటర్లు 1,500 దగ్గరే వచ్చేవి. ఇప్పటికీ మన ఊళ్లలో తిరిగే స్విఫ్ట్ డీజిల్‌కు 190. అయితే ఆ స్విఫ్ట్ ఇంజిను రెండు వేల లోపు కునుకు తీస్తుంది, ఆ పైన హఠాత్తుగా లేస్తుంది. నడిపేవారికి అలవాటైపోతుంది, పక్కన కూర్చున్నవారికి కాదు.

3. రోడ్డు ఎంచుకోండి

ఒక్క రోడ్డు చాలదు, రెండు కావాలి. బొబ్బర్లంక నుంచి ఆత్రేయపురం, లొల్ల మీదుగా రావులపాలెం వచ్చే కాలువ గట్టు దారి ఒకటి. ఒక పక్క కాలువ, ఇంకో పక్క పల్లంలో తోటలూ చేలూ, మధ్యలో పక్కకు దిగే చోటు లేని రోడ్డు. దీని మీద సెకన్లు కొలవకూడదు. సస్పెన్షన్, బ్రేకులు, కారు వెడల్పు ఎంత ఇబ్బందో తెలుసుకోవడానికే ఈ దారి. ఎదురుగా కొబ్బరికాయల లారీ వచ్చినప్పుడు పక్కకు తప్పుకుని మళ్లీ దారిలో పడటం ఎంత సులువో చూస్తే కారు గుణం తెలిసిపోతుంది.

సెకన్ల లెక్కకు రావులపాలెం నుంచి జొన్నాడ వైపు గౌతమి దాటే 16వ నంబరు జాతీయ రహదారి. వంతెన మీద మాత్రం కాదు.

వేళ కూడా ముఖ్యమే. కోతల రోజుల్లో రోడ్డు అంచున ధాన్యం ఆరబోస్తారు. గింజల మీద టైరు పట్టు తప్పుతుంది, పైగా అది ఎవరో రైతు ఏడాది కష్టం. చేపలు, రొయ్యల లారీలు ఐసు నీళ్లు కార్చుకుంటూ వెళ్లిన దారి ఎండ కాస్తున్నా తడిగానే ఉంటుంది. తెల్లవారాక, బడి పిల్లల సైకిళ్లు రోడ్డెక్కక ముందు ఒక గంట దొరుకుతుంది. అది చాలు.

ఒక సంగతి గట్టిగా చెప్పాలి. రెండు కార్లను పక్కపక్కన పెట్టి పరుగెత్తించకండి. ప్రజలు తిరిగే రోడ్డు మీద పందెం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారికే మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. ఒక్కో కారును విడిగా, పరిమితి లోపల, గడియారంతో కొలవండి. అంతగా పందెమే కావాలంటే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో ట్రాక్ ఉంది.

4. కొలవండి

అన్ని కార్లలోనూ అదే నలుగురు కూర్చోవాలి. ఏసీ నడవాలి. డిక్కీలో బస్తా ఉండాలి. మన కార్లు ఖాళీగా ఎప్పుడు తిరుగుతాయి? పెళ్లికి వెళితే నలుగురు, ఊరి నుంచి తిరిగొస్తే బియ్యం, మామిడికాయలు, పూతరేకుల డబ్బాలు. ఒంటరిగా కూర్చుని కొలిచిన వేగం ఆ రోజు అక్కరకు రాదు.

డ్రైవరు తలుపు దగ్గర అంటించిన స్టిక్కరు చూసి, టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి సరిచేయండి. ఒక కారుకు కొత్త టైర్లు, ఇంకోదానికి అరిగినవి ఉంటే పోటీ చెల్లదు. వేగాన్ని కారు మీటరులో చూడకండి. మీటర్లు అసలు వేగం కంటే కాస్త ఎక్కువే చూపిస్తాయి, ఎంత ఎక్కువో కారు కారుకూ తేడా. ఫోనులో జీపీఎస్ వేగం చూపే యాప్ పెట్టి, వెనక సీటులో ఉన్నవారు సెకన్లు చూడాలి. నడిపేవారు ఫోను ముట్టుకోకూడదు. గాలి వాటం సరిపోవడానికి వెళ్లే దిక్కులో మూడుసార్లు, వచ్చే దిక్కులో మూడుసార్లు మూడో గేరులో 30 నుంచి 70 దాకా కొలిచి సగటు తీయండి. ఎండాకాలంలో బండి ఆపి మాట్లాడుతూ నిలబడితే ఇంజిను చుట్టూ వేడి చేరుతుంది. టర్బో ఇంజినుకు వేడి గాలి పడదు, తర్వాతి పరుగులో మందగిస్తుంది. అందుకని కార్లను మార్చి మార్చి కొలవాలి.

5. అంకెకు దొరకనివి

కాలువ గట్టు మీద బ్రేకర్లు ఎక్కించేటప్పుడు బస్తా అసలు పని మొదలవుతుంది. నలుగురు, బస్తా ఉన్న కారు అడుగు దిబ్బకు తగిలి గరగరమంటే ఆ కారు మన ప్రాంతానిది కాదు. అబార్త్ పుంటోను మామూలు పుంటో కంటే కిందికి దించి తయారు చేశారు, దానికి ఈ పరీక్షే గండం. వెనక సీటులో కార్ల గోల పట్టని పెద్దావిడను ఒకరిని కూర్చోబెట్టండి. దిగాక ఆవిడ నడుము పట్టుకున్నారా, లేక మరోసారి వెళదామన్నారా అన్నది సస్పెన్షన్‌పై తుది మాట.

స్టీరింగు విషయంలో అబార్త్ వాళ్ల మాట ఒప్పుకోక తప్పదు. దానిది పాత పద్ధతి హైడ్రాలిక్ స్టీరింగు. రోడ్డు ఎలా ఉందో చేతికి చెబుతుంది. తర్వాతి కార్లలోని ఎలక్ట్రిక్ స్టీరింగు తేలికే గానీ మూగది. బ్రేకుల్లో నాలుగు చక్రాలకూ డిస్కులున్న అబార్త్, బలెనో ఆర్‌ఎస్, ఎన్ లైన్‌లకు ఒక మార్కు ఎక్కువ.

గేర్‌బాక్సు గురించి ఒక్క మాట. 2013 నాటి పోలో జీటీ టీఎస్‌ఐలోని ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) మారే తీరు అద్భుతం. కానీ దానివి నూనెలో మునగని పొడి క్లచ్‌లు. ఎండలో, రావులపాలెం సంత ట్రాఫిక్‌లో పాకుతూ పోతే వేడెక్కుతాయి. పాతది కొనేవారు మెకానిక్‌తో ముందుగా చూపించవలసింది అదే.

రెండో వరస కార్లలో విడిభాగాల సంగతి కూడా లెక్కలోకి రావాలి. పోలో తయారీ మన దేశంలో 2022లో ఆగింది, ఫియట్ కార్లు అంతకుముందే. 2018లో వచ్చిన 114 పీఎస్ టాటా టియాగో జేటీపీ కొద్దికాలమే అమ్ముడైంది. దానికే ప్రత్యేకమైన భాగాలు ఎక్కడ దొరుకుతాయో కొనకముందే కనుక్కోవాలి. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు ఇప్పుడు అంతటా అదే. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన కారైతే ఇంధన గొట్టాలు, రబ్బరు భాగాలు చూపించుకోండి.

6. ఓటు వేయండి

మార్కులు కాగితం మీద రాయండి, నోటిలెక్క వద్దు. ఒకే నిబంధన: ఎవరి కారుకు వారు ఓటు వేయకూడదు. ఈ ఒక్క నిబంధనతో వాదన ముప్పావు వంతు చల్లబడుతుంది.

నా ఓటు చెబుతాను. కొత్త కార్లలో ఐ20 ఎన్ లైన్, అందులోనూ 2023లో వచ్చిన ఆరు గేర్ల మాన్యువల్. 1,500 దగ్గరే అందే టార్క్, నాలుగు డిస్కులు, మన బ్రేకర్ల రోడ్లకు ఇంతకంటే కుదిరేది లేదు. పాతవాటిలో 2020 తర్వాతి ఒక లీటరు పోలో టీఎస్‌ఐ మాన్యువల్. డబ్బు తక్కువైతే బలెనో ఆర్‌ఎస్. దాని గొప్ప ఎవరూ చెప్పుకోరు గానీ నిజంగా పరుగెత్తుతుంది, మామూలు పనులకు ఏ ఊరి మెకానిక్ అయినా సరిపోతాడు.

అబార్త్ ఆయన ఒప్పుకోడు. ఒప్పుకోనవసరం కూడా లేదు. రంపచోడవరం దాటి మారేడుమిల్లి ఘాట్ ఎక్కాక ఆ మలుపుల్లో ఆయన మాటే చెల్లుతుంది. తిరిగొచ్చి గట్టు ఎక్కేటప్పుడు మాత్రం బస్తాను ఇంకో కారులోకి మార్చమని చెప్పండి.