మొహానికీ జుట్టుకీ ముందు ఏవి మానాలి, తర్వాత ఏం చేయాలి

మెడ వెనక నల్లగా, కాస్త మందంగా, ముట్టుకుంటే మఖమల్ గుడ్డలా ఉంటే అది మురికి అనుకుని సున్నిపిండితోనూ, పీచుతోనూ, నిమ్మచెక్కతోనూ తోమడం మన ఇళ్ళల్లో మామూలే. పెళ్ళి కుదిరిన అమ్మాయికైతే ఇది మరీ ఎక్కువ, ఇంట్లో ఉన్న ఆడవాళ్ళందరూ తలో చిట్కా చెప్తారు. కానీ అది మురికి కాదు. దాన్ని డాక్టర్లు అకాంథోసిస్ నైగ్రికన్స్ అంటారు, మెడతో పాటు చంకల్లో, తొడల మధ్య కూడా వస్తుంది. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయనప్పుడు శరీరం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారు చేస్తుంది, ఆ ఎక్కువైన ఇన్సులిన్ వల్ల చర్మ కణాలు వేగంగా పెరిగి మడతల దగ్గర చర్మం దళసరి అవుతుంది, నల్లబడుతుంది. కాబట్టి మెడ నల్లబడితే ముందు చేయాల్సింది ఫాస్టింగ్ షుగర్, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పేది) పరీక్ష. పీరియడ్స్ కూడా సరిగ్గా రాకపోతుంటే పీసీఓడీ (అండాశయాల్లో హార్మోన్ల తేడా వల్ల వచ్చే సమస్య) ఉందేమో చూపించుకోవాలి. బరువు ఎక్కువుంటే కొంచెం తగ్గినా, రోజూ నడిచినా, రాత్రిపూట కంచం నిండా తినే అన్నం తగ్గించినా ఆ నలుపు మెల్లగా పలచబడుతుంది. తోమడం మాత్రం ఈరోజే ఆపేయండి, ఎందుకంటే రాపిడికి అది ఇంకా నల్లబడుతుంది.

మెడ దగ్గరే ఎందుకు మొదలుపెట్టానంటే మిగతా సమస్యల్లోనూ ఇదే కథ నడుస్తోంది. మన చర్మపు రంగుకి ఒక గుణం ఉంది. ఎక్కడ మంట పుట్టినా, గీరుకున్నా, గిల్లినా అక్కడ నల్లమచ్చ మిగులుతుంది. మొటిమ వారం పది రోజుల్లో పోతుంది, దాన్ని గిల్లితే వచ్చిన మచ్చ నెలల తరబడి ఉంటుంది. అందుకే ఏం రాయాలి అని అడిగేవాళ్ళకి నేను ముందు ఏం రాస్తున్నారో చెప్పండి అంటాను. చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది.

ముందుగా నిమ్మరసం. మామూలుగా మన చర్మం కొద్దిగా ఆమ్ల గుణంతో, పీహెచ్ 5 దగ్గర ఉంటుంది, నిమ్మరసం 2 దగ్గర ఉంటుంది, ఈ అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువని అర్థం. అది రాస్తే చుర్రుమనడం పనిచేస్తోందనడానికి గుర్తు కాదు, చర్మం కాలుతోందనడానికి గుర్తు. పైగా మన చిన్న నిమ్మకాయలో, ముఖ్యంగా తొక్కలో, ఎండ తగిలితే చర్మాన్ని బొబ్బలెక్కించే పదార్థాలు ఉంటాయి. నిమ్మకాయ రుద్దుకుని ఎండలోకి వెళితే ఎర్రటి చారలు, ఆ తర్వాత నల్లటి మచ్చలు పడతాయి. వంటసోడా దీనికి సరిగ్గా ఎదురు, క్షారం, అదీ వద్దు. మొటిమ మీద టూత్‌పేస్ట్ పెట్టడం కూడా మానండి, అది ఎండబెడుతుంది నిజమే, చుట్టూ ఉన్న మంచి చర్మాన్ని కూడా కాలుస్తుంది. శనగపిండి, పెరుగు లాంటివి పడినవాళ్ళు వాడుకోవచ్చు, కాకపోతే పిండి పూర్తిగా ఆరిపోయేదాకా ఉంచి బరబరా రుద్ది తీయకండి, తడిగా ఉండగానే నీళ్ళతో కడిగేయండి.

ఇక అన్నిటికంటే నాకు ఎక్కువ భయం వేసే సంగతి, మెడికల్ షాపులో దొరికే చిన్న ట్యూబు. "అన్నా, మొహం మీద మచ్చలు పోయే క్రీమ్ ఏదైనా ఉంటే ఇవ్వవా" అని అడిగితే కౌంటర్ వెనక ఆయన చీటీ అడగడు, డ్రాయర్‌లోంచి ఓ ట్యూబు తీసి "ఇది రాయమ్మా, వారంలో తేడా నీకే తెలుస్తుంది, అందరూ ఇదే పట్టుకెళ్తున్నారు" అంటాడు. వారంలో తేడా నిజంగానే తెలుస్తుంది. అందుకే ఎవరూ ఆపరు, చెల్లెలికీ చెప్తారు, హాస్టల్లో పక్క గది అమ్మాయికీ చెప్తారు. ఆ ట్యూబులో ఉండేది చాలాసార్లు స్టెరాయిడ్, అంటే మంటనీ వాపునీ అణిచే మందు, దానితో పాటు రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, మొటిమలకి వాడే ట్రెటినాయిన్ కలిపినవీ ఉంటాయి. డాక్టర్ చెప్పినన్ని రోజులు, చెప్పిన చోట రాస్తే అది మందే. క్రీమ్‌లా రోజూ మొహానికి రాస్తే చర్మం పలచబడి లోపలి ఎర్రటి రక్తనాళాలు బయటికి కనబడతాయి, పొయ్యి దగ్గర నిలబడినా మొహం మండుతుంది, ఆడపిల్లలకి గడ్డం మీద వెంట్రుకలు వస్తాయి, ఒక్కసారిగా మొటిమలు విరగబడతాయి. మానేద్దామని రెండు రోజులు ఆపితే మొహం ఎర్రగా ఉబ్బి మళ్ళీ ఆ ట్యూబే పట్టుకునేలా చేస్తుంది.

2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి 14 రకాల స్టెరాయిడ్ క్రీముల్ని ప్రిస్క్రిప్షన్ మీదే అమ్మాలని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అయినా చీటీ లేకుండా దొరుకుతూనే ఉన్నాయి. కాబట్టి జాగ్రత్త మనమే పడాలి. ట్యూబు తిప్పి చిన్న అక్షరాలు చదవండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్, బెక్లోమెథసోన్, ఈ పేర్లలో ఏది ఉన్నా అది స్టెరాయిడే, డాక్టర్ రాయకపోతే మొహానికి ముట్టించొద్దు. ఇప్పటికే నెలల తరబడి వాడుతుంటే సొంతంగా ఒక్కసారే ఆపకుండా చర్మ డాక్టర్ దగ్గరికి ఆ ట్యూబు తీసుకునే వెళ్ళండి, ఎలా తగ్గించుకుంటూ రావాలో వాళ్ళు చెప్తారు. గజ్జల్లో, నడుం దగ్గర వచ్చే తామరకి కూడా ఇదే వర్తిస్తుంది. స్టెరాయిడ్ కలిపిన తామర క్రీమ్ రాస్తే రెండు రోజుల్లో దురద పోతుంది, ఫంగస్ మాత్రం లోపల హాయిగా పాకుతూ ఉంటుంది, తర్వాత మామూలు మందుకి లొంగదు. తయారు చేసినవాళ్ళ చిరునామా లేని, లోపల ఏముందో రాయని తెల్లబడే క్రీముల జోలికి అసలు వెళ్ళకండి, వాటిలో పాదరసం ఉండొచ్చు. కేరళలో మలప్పురం జిల్లాలో 2023లో అలాంటి క్రీములు వాడినవాళ్ళకి కిడ్నీలు దెబ్బతిన్న కేసులు బయటపడ్డాయి.

మరి రోజూ ఏం చేయాలి అంటే చాలా తక్కువే. పొద్దున, రాత్రి మొహం కడగడం, తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్. బట్టల సబ్బుతో కాదు, ఒంటి సబ్బుతో కూడా కాదు, నురగ తక్కువగా వచ్చే మైల్డ్ ఫేస్‌వాష్ ఏదైనా చాలు. కడిగాక మొహం బిగుసుకుపోయినట్టు ఉంటే అది మీకు పడలేదని అర్థం. జిడ్డు మొహం వాళ్ళు మాయిశ్చరైజర్ అక్కర్లేదు అనుకుంటారు, జెల్ లాంటిది తీసుకోండి, అంతే తేడా. మొటిమలు వచ్చేవాళ్ళు మొహానికి కొబ్బరినూనె రాయకండి, అది రంధ్రాలు మూసేస్తుంది. తలకి పట్టించిన నూనె నుదుటి మీదికి దిగినా అక్కడ చిన్న చిన్న పొక్కులు రావడం మీరు గమనించే ఉంటారు.

మొటిమలు కొద్దిగా ఉంటే 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్ రాత్రిపూట పలచగా, మొటిమ మీద ఒక్కచోటే కాకుండా మొటిమలు వచ్చే భాగమంతా రాయండి. మొదట రోజు విడిచి రోజు మొదలుపెట్టండి, చర్మం అలవాటు పడుతుంది. దిండు గలీబు, తువ్వాలు తెల్లవి వాడండి, రంగువైతే ఈ మందు తగిలి వెలిసిపోతాయి. కనీసం ఆరు వారాలు ఆగాలి, ఇది చెప్తే ఎవరికీ నచ్చదు గానీ ఏ మంచి మందైనా అంత టైమ్ తీసుకుంటుంది. మొటిమలకి రాసే అడాపలీన్ లాంటి మందులు డాక్టర్‌ని అడిగే మొదలుపెట్టండి, గర్భిణులు, పిల్లలు కావాలని ప్రయత్నిస్తున్నవాళ్ళు వాటిని వాడకూడదు. గడ్డల్లా పెద్దవి, నొప్పిగా, గుంటలు పడేవి వస్తుంటే ఇంట్లో ప్రయోగాలు చేస్తూ కూర్చోకుండా వెంటనే డాక్టర్‌కి చూపించండి, గుంట పడ్డాక సరిచేయడం కష్టం, ఖర్చు కూడా.

సన్‌స్క్రీన్ సినిమా వాళ్ళకే అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. మంగు మచ్చలు ఉన్నవాళ్ళకి అది లేకుండా ఏ క్రీమూ పనిచేయదు, పొద్దున ఎండ పెంచిన మచ్చని రాత్రి క్రీమ్ ఎంతని తగ్గిస్తుంది? ఎస్‌పీఎఫ్ 30 లేదా 50, బ్రాడ్ స్పెక్ట్రమ్ అని రాసి ఉన్నది చూసుకోండి. ఎస్‌పీఎఫ్ 30 ఎండలో చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాల్లో 97 శాతం, 50 అయితే 98 శాతం ఆపుతుంది, కాబట్టి పెద్ద నంబర్ కోసం డబ్బులు పోయనక్కర్లేదు, సరిపడా రాయడమే ముఖ్యం. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పెట్టి ఆ మొత్తం మొహానికీ మెడకీ రాయాలి. బఠాణీ గింజంత రాస్తే డబ్బాలో రాసిన ఫలితం రాదు. బండి మీద తిరిగే పని, పొలం పని అయితే రెండు గంటలకోసారి మళ్ళీ రాసుకోవాలి, అది కుదరకపోతే చున్నీ, టోపీ, గొడుగు ఏదో ఒకటి అడ్డం పెట్టుకోండి. మంగుకి లేతరంగు కలిపిన సన్‌స్క్రీన్ ఇంకా మంచిది, అందులో ఉండే ఐరన్ ఆక్సైడ్ మామూలు వెలుతురుని కూడా అడ్డుకుంటుంది.

కాళ్ళ పగుళ్ళకి పది నిమిషాలు గోరువెచ్చటి నీళ్ళలో పెట్టి, మెల్లగా రాయితో రుద్ది, తడి ఉండగానే వ్యాజిలిన్ లేదా యూరియా కలిపిన క్రీమ్ రాసి సాక్సులు వేసుకుని పడుకోండి. షుగర్ ఉన్నవాళ్ళు కాళ్ళు నానబెట్టకండి, రాయితో గీరకండి, క్రీమ్ మాత్రం రాసి రోజూ పాదాల అడుగు చూసుకోండి. స్టిక్కర్ బొట్టు పెట్టేచోట దురద గానీ తెల్లమచ్చ గానీ మొదలైతే ఆరోజే స్టిక్కర్ ఆపేయాలి, కొన్ని రకాల జిగురులో ఉండే రసాయనం చర్మపు రంగు కణాలనే చంపేస్తుంది.

జుట్టు విషయానికొస్తే, రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు ఊడటం మామూలే. పొడవు జుట్టు వాళ్ళు రెండు రోజులకోసారి దువ్వితే ఆ ఉండ చూసి గుండె జారిపోతుంది, కానీ అది రెండు రోజులది కలిపి అని గుర్తుపెట్టుకోండి. గుప్పెళ్ళు గుప్పెళ్ళుగా ఊడుతుంటే షాంపూని తిట్టే ముందు రెండు మూడు నెలల వెనక్కి వెళ్ళి ఆలోచించండి. డెంగ్యూ, టైఫాయిడ్ జ్వరం, కాన్పు, ఆపరేషన్, తిండి మానేసి చేసిన డైటింగ్, ఇంట్లో పెద్ద టెన్షన్, వీటిలో ఏదైనా అప్పుడు జరిగి ఉంటే ఇప్పుడు జుట్టు రాలుతుంది. వెంట్రుక కుదురు విశ్రాంతిలోకి వెళ్ళి, తర్వాత ఊడటానికి అంత టైమ్ పడుతుంది కాబట్టి జనానికి ఆ రెండింటికీ సంబంధం తట్టదు. ఇలాంటిది సాధారణంగా ఆరు నెలల్లోపు దానంతట అదే తగ్గుతుంది. ఈలోపు మార్చిన నూనెకి, కొన్న సీరమ్‌కి ఆ పేరు వెళ్ళిపోతుంది.

అలాంటి కారణం ఏదీ లేకపోతే హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పేది), థైరాయిడ్ చూపించుకోండి. మన ఆడవాళ్ళలో రక్తహీనత చాలా ఎక్కువ, దానికి మందు తల మీద రాసేది కాదు. జుట్టుకని అమ్మే బయోటిన్ అనే విటమిన్ మాత్రలు వేసుకుంటుంటే థైరాయిడ్ పరీక్షకి ముందు డాక్టర్‌కి చెప్పండి, దానివల్ల రిపోర్టు తప్పుగా రావచ్చు. పాపిట వెడల్పవుతుంటే, మగవాళ్ళకి నుదురు పైకి పోతుంటే అది వంశపారంపర్యం కావచ్చు, మినాక్సిడిల్ లాంటి జుట్టు మందులు తొందరగా మొదలుపెడితేనే ఉపయోగం, ఆపేస్తే ఫలితమూ పోతుంది. బిగించి జడ వేసే అలవాటు వల్ల కణతల దగ్గర జుట్టు పలచబడితే జడ వదులు చేయండి, మందుల అవసరం రాకపోవచ్చు.

చుండ్రుకి నూనె పట్టించడం అనే అలవాటు దగ్గర పెద్దవాళ్ళతో వాదన తప్పదు. తల పొడిబారి పొట్టు రాలుతోందనుకుంటారు, అసలు కారణం మలసేజియా అనే ఫంగస్, అది బతికేదే నూనె మీద. రాత్రంతా నూనె పెట్టి ఉంచితే దానికి మేత వేసినట్టే. కీటోకొనజోల్ 2 శాతం షాంపూ వారానికి రెండుసార్లు, జుట్టుకి కాదు, మాడుకి పట్టించి, నాలుగైదు నిమిషాలు ఉంచి కడగండి. రాయగానే కడిగేస్తారు చాలామంది, పనిచేయట్లేదని చెప్పేది కూడా వాళ్ళే. నాలుగు వారాలు అలా చేసి, తర్వాత వారానికి ఒకసారి కొనసాగించండి.

అంటే కొబ్బరినూనె దండగ అని కాదు, అది వెంట్రుక లోపలికి ఇంకి, కడిగేటప్పుడు ప్రోటీన్ పోకుండా కాపాడుతుంది. తలస్నానానికి గంట ముందు జుట్టు పొడవునా, చివర్లకి రాసి కడిగేస్తే చాలు. జుట్టు మొలిపించడం మాత్రం దాని పని కాదు. కుంకుడుకాయలు పడేవాళ్ళు నిక్షేపంగా వాడుకోవచ్చు, రాత్రి నానబెట్టి రసం బాగా వడకట్టండి, కళ్ళల్లో పడనివ్వకండి. బోరు నీళ్ళు ఉన్న ఇళ్ళల్లో షాంపూ నురగ రాదు, జుట్టు పీచులా అవుతుంది, ఆఖరున ఒక చెంబు ఫిల్టర్ నీళ్ళు పోసుకుని కండిషనర్ రాస్తే తేడా ఉంటుంది.

తెల్ల జుట్టుకి రంగు వేసేవాళ్ళు ఒక్కమాట వినండి. డబ్బా మీద హెర్బల్ అని, హెన్నా అని ఉన్నా అది పది నిమిషాల్లో నల్లగా చేస్తోందంటే అందులో పీపీడీ అనే రసాయనం ఉన్నట్టే అనుకోండి. అసలు గోరింటాకు ఎర్రగానే పండుతుంది, నలుపు కావాలంటే దాన్ని కడిగేశాక నీలి ఆకు పొడి విడిగా కలిపి పెట్టుకోవాలి, టైమ్ పడుతుంది. పీపీడీ ఉన్నది వాడితే ప్రతిసారీ రెండు రోజుల ముందు చెవి వెనక కొంచెం రాసి చూడండి, పదేళ్ళుగా వాడుతున్నా సరే, ఎందుకంటే ఈ ఎలర్జీ ఎప్పుడైనా కొత్తగా మొదలవ్వచ్చు. దురద, వాపు వస్తే ఇక ఆ రంగు వద్దు, బ్రాండ్ మార్చినా పీపీడీ ఉన్నది ఏదీ వద్దు, సెలూన్‌లో కూర్చోగానే ఆ మాట ముందే చెప్పండి. కళ్ళు మూసుకుపోయేంత వాపు వచ్చినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి, వెళ్ళేటప్పుడు ఆ రంగు డబ్బా కూడా తీసుకెళ్ళండి.