చిన్నపిల్లల చేతికి రంగులిచ్చే ముందు

ఏడాదిన్నర నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలకు బొమ్మలు గీయడం ఎవరూ నేర్పక్కర్లేదు. వాళ్ళకి వీలుగా చోటు, సామాను అమర్చిపెడితే చాలు, మిగతాది వాళ్ళే చూసుకుంటారు. పెద్దవాళ్ళ పనిలో ఎక్కువ భాగం పిల్లలు కూర్చోకముందే అయిపోవాలి. ఆ తర్వాత చేతులు కట్టుకుని కూర్చోవడమే అసలు కష్టం. కాగితం చిరిగినా, రంగులన్నీ కలిసి బురదలా తయారైనా, పిల్ల రెండు నిమిషాల్లో లేచిపోయినా ముందుగా చూడాల్సింది ఆ ఏర్పాటునే.

కాగితంతో మొదలుపెడదాం. రెండేళ్ళ పిల్ల గీసేటప్పుడు వేళ్ళు కదలవు, భుజం నుంచి చెయ్యి మొత్తం ఊగుతుంది. ఏ4 కాగితం ఇస్తే మూడో గీతకే బల్ల మీదికి వెళ్ళిపోతుంది. ఏ3 (ఏ4కి రెట్టింపు) కంటే చిన్నది వద్దు, దానికీ రెట్టింపు ఉండే ఏ2 అయితే ఇంకా మేలు. పాత క్యాలెండర్ వెనకవైపు, విప్పదీసిన అట్టపెట్టె లోపలివైపు కూడా బాగా పనికొస్తాయి. నాలుగు మూలలా మాస్కింగ్ టేపు అంటించడం మర్చిపోకండి. ఒక చేత్తో గీస్తూ రెండో చేత్తో కాగితం పట్టుకోవడం ఆ వయసుకి ఇంకా రాదు. క్రేయాన్ ఎటు పోతే కాగితం అటు జారుతుంటే విసుగొచ్చి వదిలేస్తారు, మనమేమో వీడికి బొమ్మలంటే ఇష్టం లేదనుకుంటాం.

క్రేయాన్లకి మామూలు 70, 80 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క) కాగితం సరిపోతుంది. నీళ్ళ రంగులకి మాత్రం కనీసం 150 జీఎస్ఎం ఉండాలి. పిల్లలు ఒకే చోట పదేపదే బ్రష్ రుద్దుతారు, పల్చటి కాగితం ఆ తడికి ఉబ్బి, పొట్టులా లేచి, చివరికి చిరుగుతుంది. అప్పుడప్పుడు కాగితాన్ని గోడకి, పిల్ల ముక్కు ఎత్తుకి మధ్యభాగం వచ్చేలా అంటించి చూడండి. నిలువుగా ఉన్నదాని మీద గీస్తే మణికట్టు వెనక్కి వంగుతుంది. రేపు పెన్సిల్ పట్టుకోవడానికి కావలసిన భంగిమ అదే.

క్రేయాన్లు పొడుగ్గా, సన్నగా ఉంటే పిల్లలు పిడికిట్లో బిగించి పట్టుకుంటారు. రెండు మూడు సెంటీమీటర్ల ముక్క పిడికిట్లో ఇమడదు కాబట్టి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు వాటంతటవే ముందుకొస్తాయి. అందుకే మూడేళ్ళు దాటినవాళ్ళకి క్రేయాన్లు విరిచి ఇవ్వడమే మంచిది. పైన కాగితం కూడా ఒలిచేస్తే అడ్డంగా పడుకోబెట్టి వెడల్పుగా రుద్దవచ్చు. అంతకంటే చిన్నవాళ్ళకి, ఇంకా ఏది దొరికినా నోట్లో పెట్టుకునేవాళ్ళకి ముక్కలు ఇవ్వకూడదు, గొంతులో ఇరుక్కుంటాయి. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించే గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు, అందులో పూర్తిగా ఇమిడిపోయేది ఏదైనా ప్రమాదమే. పూసలు, గుండీలు, స్కెచ్ పెన్నుల మూతలు అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. వీళ్ళకి బాగా లావుగా ఉండే క్రేయాన్లు, లేదా గుండ్రంగా అరచేతిలో పట్టేవి తీసుకోండి.

పట్టు గురించి కంగారు వద్దు. ఏడాదిన్నరకి పిడికిలి, రెండు మూడేళ్ళకి వేళ్ళన్నీ కిందికి వాల్చి పట్టుకోవడం, మూడున్నర నాలుగేళ్ళకి మూడు వేళ్ళ పట్టు, ఇలా క్రమంగా వస్తుంది. నాలుగేళ్ళలోపు వేళ్ళు సర్ది "ఇలా పట్టుకో" అంటూ కూర్చుంటే పిల్లకి గీత మీద ఉన్న ధ్యాస చెదిరిపోతుంది. ఇంకొకటి, సామాను ఎప్పుడూ పిల్లకి ఎదురుగా మధ్యలో పెట్టండి. కుడిపక్కనే పెడుతూ వస్తే ఎడమచేతివాటం ఉన్న పిల్ల కూడా కుడిచేత్తో తంటాలు పడుతుంది.

రంగుల దగ్గర ముఖ్యమైన సంగతి, తక్కువ ఇవ్వడం. పన్నెండు రంగుల డబ్బా మొత్తం తెరిచి ముందు పెడితే పది నిమిషాల్లో అంతా మట్టిరంగే. ఒక్కో రంగూ వెలుతురులో కొంత భాగాన్ని పీల్చేసుకుంటుంది. అన్నీ కలిస్తే పీల్చేసుకోవడమే తప్ప వెనక్కి వచ్చే వెలుగు పెద్దగా ఉండదు. రోజుకి రెండు రంగులు చాలు. పసుపు, నీలం ఇచ్చి ఏమీ చెప్పకుండా వదిలేయండి, ఆకుపచ్చ వాళ్ళకే దొరుకుతుంది. ఇంకో రోజు పసుపు, ఎరుపు. గిన్నెకి ఒక చెంచా రంగు, ఒక్కో రంగుకి ఒక్కో బ్రష్. బ్రష్ కుచ్చు రెండు సెంటీమీటర్ల వెడల్పు, పిడి పొట్టిగా, లావుగా ఉండాలి. నీళ్ళ గిన్నె అడుగు వెడల్పుగా, బరువుగా ఉండాలి, అందులో రెండు వేళ్ళ లోతుకి మించి నీళ్ళు పోయకండి. ఎలాగూ ఒలుకుతుంది, ఒలికితే ఎంత ఒలకాలో మన చేతిలో ఉంది.

కొనేటప్పుడు నీళ్ళతో కడిగితే పోయే, విషరహితం అని రాసి ఉన్న పోస్టర్ రంగులు చూసుకోండి. యాక్రిలిక్ ఆరితే బట్టల మీంచి రాదు. పొడి రంగులు ఊపిరిలోకి పోతాయి కాబట్టి చిన్నపిల్లల దగ్గరికి అసలు తేకూడదు.

పిండిముద్ద

పిల్లల చేతికి మొదటగా ఏమివ్వాలంటే చాలామంది రంగులంటారు. మేము పిండిముద్దకే ఓటేస్తాం. తప్పు గీత అనేదే ఉండదు, నచ్చకపోతే నలిపేసి మళ్ళీ మొదలుపెట్టవచ్చు. కొలతలు ఇవి: మైదా రెండు కప్పులు, ఉప్పు ఒక కప్పు, నూనె రెండు పెద్ద చెంచాలు, క్రీమ్ ఆఫ్ టార్టార్ (కేకుల తయారీలో వాడే పుల్లటి పొడి) రెండు చిన్న చెంచాలు, నీళ్ళు రెండు కప్పులు. క్రీమ్ ఆఫ్ టార్టార్ దొరక్కపోతే నాలుగు చిన్న చెంచాల నిమ్మరసం వాడవచ్చు.

1. నీళ్ళు వేడిచేసి ఉప్పు వీలైనంత వరకు కరిగించండి. కరగకుండా పిండిలో కలిపితే ముద్ద గరగరలాడుతుంది. నిమ్మరసం వాడుతుంటే ఈ నీళ్ళలోనే కలపండి. ఫుడ్ కలర్ వేయదలిస్తే అదీ ఇప్పుడే, నాలుగైదు చుక్కలు.
2. అడుగు మందంగా ఉన్న గిన్నెలో మైదా, క్రీమ్ ఆఫ్ టార్టార్, నూనె వేసి, ఆ నీళ్ళు కాస్త చల్లారాక కొద్దికొద్దిగా పోస్తూ ఉండలు లేకుండా కలపండి.
3. సన్నని మంట మీద పెట్టి ఆపకుండా తిప్పండి. నాలుగైదు నిమిషాల్లో గిన్నె అంచుల్ని వదిలి ఒకే ముద్దగా చేరుతుంది. అప్పుడు దించండి.
4. చెయ్యి పట్టేంత చల్లారాక మూడు నాలుగు నిమిషాలు మర్దించండి. చెవి తమ్మెని నొక్కితే ఎంత మెత్తగా ఉంటుందో అంత మెత్తగా రావాలి.

వేళ్ళకి అంటుకుంటోందంటే ఉడకడం తక్కువైందని, మళ్ళీ ఒక నిమిషం మంట మీద తిప్పండి. పగుళ్ళిస్తోందంటే ఆరిపోయిందని, చేతికి నూనె రాసుకుని పిసకండి. గాలి చొరని డబ్బాలో పెడితే వారాల తరబడి బాగుంటుంది. బూజు కనిపిస్తే మాత్రం మొత్తం పారేయాల్సిందే. ఉడికించకుండా పచ్చిపిండితో చేసే పద్ధతీ ఉంది కానీ, పచ్చిపిండిలో హానికరమైన బ్యాక్టీరియా ఉండవచ్చు, పిల్లలేమో చేతులు నోట్లో పెట్టుకుంటూనే ఉంటారు. ఉడికించిందైనా ఉప్పు చాలా ఎక్కువ కాబట్టి తిననివ్వకండి, ఇంట్లో కుక్క ఉంటే దానికీ అందకుండా దాచండి. చేతి మీద గాయం ఉన్న రోజున ఇస్తే మండుతుంది.

మొదటి కొన్నిసార్లు అచ్చులు, కర్రలు ఏవీ ఇవ్వకండి. అచ్చు చేతికొచ్చిందంటే ఇక నొక్కడమే పని. ఉత్త ముద్ద ఇస్తే గుచ్చుతారు, గిల్లుతారు, తుంచుతారు, పాముల్లా పొడుగ్గా దొర్లిస్తారు.

కత్తెర మూడేళ్ళ తర్వాత చాలు. మొన మొండిగా ఉన్నది తీసుకుని, దళసరి కాగితాన్ని రెండు సెంటీమీటర్ల వెడల్పు పట్టీలుగా చేసి ఇవ్వండి, ఒక్క నొక్కుతో ముక్క తెగుతుంది. పల్చటి కాగితం తెగకుండా రెండు అలుగుల మధ్య మడతపడిపోతుంది. ఎడమచేతివాటం పిల్లలకి అలుగులు తారుమారుగా ఉండే కత్తెర వేరే దొరుకుతుంది. మామూలు దానితో వాళ్ళకి గీతే కనపడదు.

పక్కన కూర్చున్నవాళ్ళు ఏం మాట్లాడాలి

"ఏంటి నాన్నా ఇది?" అని అడగకండి. రెండేళ్ళ పిల్లకి అది ఏదీ కాదు, చెయ్యి తిప్పితే గీత వచ్చిందన్నదే వాళ్ళ సంబరం. ఆ ప్రశ్న వినీ వినీ, బొమ్మంటే ఏదో ఒకటి అయితీరాలి కాబోలు అనుకుంటారు. కంటికి కనిపించింది చెప్పండి: "ఈ గీత ఆ చివరి దాకా పోయిందే", "ఇక్కడ గట్టిగా నొక్కావు, ఎంత ముదురుగా వచ్చిందో". గీత గీతకీ "అబ్బ, బ్రహ్మాండం" అన్నా చిక్కే, కాసేపటికి గీయడం మాని మీ మొహం చూడటం మొదలుపెడతారు.

మూడేళ్ళు దాటాక వాళ్ళే పేర్లు పెడతారు. ఇప్పుడు బస్సు అన్నది ఐదు నిమిషాలకి అత్త అవుతుంది. ఒప్పేసుకోండి. మూడున్నర, నాలుగేళ్ళప్పుడు మనిషిని గీస్తే ఒక గుండ్రం, దానికింద నేరుగా రెండు కాళ్ళు వస్తాయి, మొండెం ఉండదు. ఆ వయసు పిల్లలు మామూలుగా అలాగే గీస్తారు. "పొట్ట ఏదీ?" అంటూ మీరు గీసి చూపిస్తే బొమ్మ మీదైపోతుంది.

"గుర్రం వేసిపెట్టు" అని మారాం చేస్తారు. వేసిస్తే తర్వాత తాము గీసినదాన్ని దాంతో పోల్చుకుని "నాకు రాదు" అంటారు. దాని బదులు ఇలా అడగండి: "గుర్రం మెడ పొట్టిగా ఉంటుందా, పొడుగ్గానా? ముందు తల వేస్తావా, ఒళ్ళు వేస్తావా?" గాల్లో వేలితో గీయించండి. ఆనక వాళ్ళ కాగితం మీద ఏది వస్తే అదే గుర్రం. రంగులు నింపే పుస్తకాలు ప్రయాణాల్లో కూర్చోబెట్టడానికి పనికొస్తాయి, సొంతంగా గీయడానికి మాత్రం బదులు కావు.

ఆట దగ్గర కూడా ఖర్చుపెట్టాల్సింది తక్కువే. మీట నొక్కితే పాడే బొమ్మతో చేయగలిగింది ఒక్కటే, అందుకే త్వరగా మూలపడుతుంది. అట్టపెట్టెలు, మీటరు గుడ్డముక్కలు, పెద్ద మూతలు, చెక్కముక్కలు ఒక బుట్టలో వేసి ఉంచండి. ఎటంటే అటు మార్చుకోగల విడి వస్తువులు ఎక్కువగా ఉన్నచోటే కొత్త ఊహలు పుడతాయని బ్రిటిష్ కళాకారుడు సైమన్ నికల్సన్ 1971లో చెప్పింది ఇదే. మిమ్మల్ని ఆటలోకి పిలిస్తే వాళ్ళిచ్చిన పాత్రే వేయండి. మీరు దర్శకత్వం మొదలుపెట్టారంటే ఆట అక్కడితో సరి.

ఇద్దరు చిన్నపిల్లలుంటే అన్నీ రెండేసి జతలు, అవీ ఒకే రంగులో పెట్టండి. మూడేళ్ళలోపు పిల్లలు చాలావరకు కలిసి ఆడరు, పక్కపక్కన కూర్చుని ఎవరి ఆట వాళ్ళాడతారు. పిల్లల ఆటలని గమనించిన అమెరికన్ పరిశోధకురాలు మిల్‌డ్రెడ్ పార్టెన్ 1932లోనే దీన్ని వివరంగా రాసింది. పంచుకోవడం నేర్పించే పాఠం ఇంకెప్పుడైనా పెట్టుకోండి.

రెండేళ్ళవాళ్ళు పది నిమిషాలు కూర్చుంటే చాలా ఎక్కువ, నాలుగేళ్ళవాళ్ళు అరగంట దాకా లేవకపోవచ్చు. ఆకలి, నిద్ర వేళల్లో మొదలుపెట్టకండి. అయిపోయాక తడిగుడ్డ ఒకటి వాళ్ళ చేతికే ఇవ్వండి, బల్ల తుడవడం కూడా వాళ్ళకి ఆటే. తడి బొమ్మల్ని వేలాడదీస్తే రంగు కారుతుంది, పరిచి ఆరబెట్టండి. ఆరాక వెనకవైపు తేదీ వేసి, పిల్ల చెప్పిన మాట ఉన్నదున్నట్టు రాసిపెట్టండి. ముందువైపు రాయకండి, ఆ చోటు వాళ్ళది. అన్నీ దాచలేం కాబట్టి పెద్దవాటికి ఫోటో తీసుకోవచ్చు, పారేసే ముందు మాత్రం పిల్లని ఒకసారి అడగండి.