బండి మిస్సింగ్ కొడితే ముందు ప్లగ్గు విప్పండి

పెట్రోల్‌ను గాలితో కలిపే కార్బురేటర్ స్క్రూల జోలికి అప్పుడే పోకండి. ఇంజన్ చల్లారాక స్పార్క్ ప్లగ్గు విప్పి, రవ్వ పుట్టే కొన చూడండి. లేత గోధుమరంగులో ఉంటే మంట బాగున్నట్టే. పొడి మసి పట్టిందంటే చాలాసార్లు గాలి అందట్లేదని అర్థం, ఎయిర్ ఫిల్టర్ తీసి చూడాలి. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ దగ్గరి పత్తి నూగు, కరీంనగర్ క్వారీల దారిలోని గ్రానైట్ పొడి దాన్ని గడువుకు ముందే మూసేస్తాయి. కొన తెల్లబడితే కార్బురేటర్‌ను ఇంజన్‌కు కలిపే ఇన్‌టేక్ రబ్బరు పగిలి గాలి లాగుతోందేమో చూడండి.

ప్లగ్గు కొన దగ్గర రవ్వ దూకే సందు, అంటే గ్యాప్, చాలా 100 సీసీ బండ్లకు 0.8 మి.మీ. దగ్గర ఉంటుంది, మాన్యువల్‌లో అంకె చూసి ఫీలర్ గేజ్‌తో, అంటే సందు కొలిచే సన్న రేకులతో, కొలవండి. ప్లగ్గును మొదట చేత్తోనే ఎక్కించాలి. పానాతో మొదలుపెడితే ఇంజన్ హెడ్డులో ప్లగ్గు ఎక్కే మరలు పోతాయి, ఆ ఖర్చు పెద్దది.

మిస్సింగ్ వానాకాలంలోనే మొదలైతే పెట్రోల్ కాక్ కట్టేసి, కార్బురేటర్ అడుగున పెట్రోల్ నిలిచే ఫ్లోట్ బౌల్ డ్రెయిన్ స్క్రూ వదులు చేసి గాజు సీసాలోకి పట్టండి. నీళ్లుంటే అడుగున బొట్లుగా నిలబడతాయి.