మెత్తని క్యారెట్ కమలా కుకీలు ఎలా చేయాలి?

ఇవి కరకరలాడే బిస్కెట్లు కావు, కొరికితే కేకంత మెత్తగా ఉంటాయి. ఆ మెత్తదనమంతా క్యారెట్ గుజ్జు వల్లే. పచ్చి తురుము వేసినా కుకీలు వస్తాయి గానీ పంటికి పీచు తగులుతుంది.

కావలసినవి: మైదా 180 గ్రాములు, ఉప్పు లేని వెన్న 115, చక్కెర 100, క్యారెట్ గుజ్జు 120 గ్రాములు, గుడ్డు 1, బేకింగ్ పౌడర్ ఒకటిన్నర టీస్పూన్లు, చిటికెడు ఉప్పు, కమలాపండు 1. పైపూతకు చక్కెర పొడి 100 గ్రాములు.

1. పెరట్లో క్యారెట్లు ఉంటే లేతవి పీకండి. ముక్కలు కోసి ఆవిరి మీద ఉడికించి మెత్తగా మెదపండి. నీళ్లలో ఉడికిస్తే గుజ్జు నీరుగారుతుంది. పూర్తిగా చల్లారాకే వాడాలి, లేదంటే వెన్న కరిగిపోతుంది.

2. అసలు సువాసన ఉండేది కమలా తొక్కలోని నూనెలో. వాసన చాలడం లేదని రసం పోస్తే పిండి జారైపోవడమే తప్ప లాభం లేదు. పండును గోరువెచ్చని నీళ్లతో రుద్ది కడిగి, వలవకముందే పైరంగు పొరను సన్నగా తురమండి. తెల్ల పొర దాకా పోతే చేదు. తురుమును చక్కెరలో కలిపి వేళ్లతో నలిపితే కాసేపటికి చక్కెర తడి ఇసుకలా అయి, లేత పసుపు రంగుకు తిరుగుతుంది. అప్పుడు చేతులకు అంటిన వాసన ఓ పట్టాన పోదు. కమలా లేకపోతే నిమ్మ తొక్కా బాగుంటుంది.

3. మెత్తబడ్డ వెన్నలో ఈ చక్కెర వేసి తెల్లగా నురగొచ్చేలా గిలక్కొట్టండి. గుడ్డు, తర్వాత గుజ్జు కలపండి. గుడ్డు తినని వాళ్లు 3 టేబుల్‌స్పూన్ల గట్టి పెరుగు వేసుకోవచ్చు.

4. మైదా, బేకింగ్ పౌడర్, ఉప్పు జల్లించి వేయండి. పొడి కనిపించనంత వరకే కలపాలి. ఎక్కువ కలిపితే కుకీ సాగుతుంది.

5. ట్రేలో బటర్ పేపర్ పరిచి, స్పూన్‌తో ఎడంగా ముద్దలు పెట్టండి. ముందే 180 డిగ్రీలకు వేడెక్కిన ఓవెన్‌లో 13 నుంచి 15 నిమిషాలు. పైన ఎర్రబడాలని చూడొద్దు! అంచులు బిగిసి, అడుగు లేతగా రంగు తిరిగితే చాలు. తీశాక కూడా ట్రే వేడికి కాస్త ఉడుకుతాయి.

6. చల్లారాక చక్కెర పొడిలో 4 టీస్పూన్ల కమలారసం కలిపి పైన రాయండి.

తడి ఎక్కువ కాబట్టి బయట ఉంచితే మర్నాటికి జిగురుగా అవుతాయి. మూత ఉన్న డబ్బాలో, పొరల మధ్య బటర్ పేపర్ వేసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే మూడు నాలుగు రోజులు ఉంటాయి.